అడవి మంటల నివారణ పనులన్నీ ఒకే మ్యాపులోకి: ఉమ్మడి డేటాబేస్ ఎలా తయారుచేసుకోవాలి?

నల్లమలలో ఫిబ్రవరి వచ్చిందంటే ఆకు రాలడం మొదలవుతుంది. మార్చి నాటికి నేలంతా ఎండుటాకే. ఆలోపు ఫైర్ లైన్లు (మంట దాటకుండా గడ్డి, ఆకు తీసేసి ఖాళీగా ఉంచే పట్టీలు) శుభ్రం చేసి ఉండాలి, ఫైర్ వాచర్లు ఎక్కడెక్కడ ఉంటారో తేలిపోవాలి, నీటి తొట్లు నింపి ఉండాలి. ఈ పనులు చేసేవాళ్లు ఒక్కరు కాదు. ఒకే కొండల వరుస మీద ఆత్మకూరు, మార్కాపురం, నంద్యాల, గిద్దలూరు డివిజన్లు ఎవరి పని వాళ్లు చేస్తాయి. కొన్ని పనులు కాంపా (అటవీ భూమి వాడుకున్నందుకు కట్టించుకునే పరిహార) నిధులతో, కొన్ని కేంద్రం ఇచ్చే అడవి మంటల నివారణ పథకంతో, కొన్ని ఉపాధి హామీ కింద జరుగుతాయి. వన సంరక్షణ సమితులు, స్వచ్ఛంద సంస్థలు చేసేవి వేరే. లెక్కలు మాత్రం ఒకరివి రిజిస్టర్లో, ఇంకొకరివి ఎక్సెల్లో, మరొకరివి వాట్సాప్ ఫొటోల్లో ఉంటాయి. కొండకు ఇవతల శుభ్రం చేసిన ఫైర్ లైన్ అవతలి డివిజన్లో కొనసాగిందా అంటే, ఫోన్ చేసి కనుక్కోవడమే దిక్కు.

ఉమ్మడి మ్యాపు కావాల్సింది ముఖ్యంగా ఖాళీలు చూడటానికి. ఎవరి లెక్క వాళ్లు చూసుకుంటే పని పూర్తయినట్టే ఉంటుంది. అన్నీ ఒకచోట పరిస్తేనే ఎవరూ ముట్టుకోని నేల బయటపడుతుంది. మీరు డివిజన్ ఆఫీసులో జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల పని) చూసేవారైనా, అడవి అంచు ఊళ్లలో పనిచేసే సంస్థవారైనా, ఒక రేంజితో చిన్నగా మొదలుపెట్టి దీన్ని తయారుచేసుకోవచ్చు. నల్లమలను ఉదాహరణగా తీసుకుని వరుసగా చెబుతాను.

ముందు ప్రశ్నలు రాసుకోండి

కంప్యూటర్ తెరవకముందే ఒక కాగితం మీద, ఈ మ్యాపును ఎవరు ఎప్పుడు తెరిచి ఏం తెలుసుకోవాలనుకుంటారో రాయండి. రేంజ్ ఆఫీసర్ జనవరి నెలాఖరులో అడిగేది: "నా రేంజిలో ఇంకా ఏ ఫైర్ లైన్లు మిగిలాయి?" బీట్ ఆఫీసర్ ఏప్రిల్ మధ్యాహ్నం అడిగేది: "ఈ పొగకు దగ్గర్లో ఫైర్ లైన్ ఏది, నీళ్లెక్కడున్నాయి, ఏ బేస్ క్యాంపు నుంచి మనుషులు త్వరగా వస్తారు?" డివిజన్ అటవీ అధికారి (డీఎఫ్‌ఓ) జూన్‌లో అడిగేది: "ఖర్చు పెట్టిన చోట మంట ఆగిందా?"

ఈ మూడింటిలో దేనికీ పనికిరాని కాలమ్‌ను ఫారంలో పెట్టకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. సమావేశంలో కూర్చున్న ప్రతివాళ్లూ ఒక్కో కాలమ్ అడుగుతారు. అవన్నీ పెడితే అడవిలో నిలబడి ఫోన్లో నింపాల్సిన మనిషి సగంలో వదిలేస్తాడు, లేదా నోటికొచ్చింది నింపుతాడు. పన్నెండు, పదిహేను కాలమ్‌లు దాటనివ్వకండి.

హద్దులు, అడుగు లేయర్లు

అటవీ శాఖలో అన్నీ బీటు (అన్నిటికంటే చిన్న విభాగం), సెక్షన్, రేంజ్, డివిజన్ వరుసలో నడుస్తాయి కాబట్టి బీటు హద్దుల లేయరే, అంటే మ్యాపులో అడుగున పరిచే ఆ పొరే, మీ పునాది. దాన్ని డివిజన్ ఆఫీసు నుంచి అధికారికంగా తీసుకోండి. దాని మీద కంపార్ట్‌మెంట్లు, రోడ్లు, బండిబాటలు, ఊళ్లు, చెంచు పెంటలు, కుంటలు, జంతువులు నీళ్లు తాగే సాసర్ పిట్లు, వాచ్ టవర్లు, బేస్ క్యాంపులు చేర్చండి. రోడ్లకు, ఊళ్లకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ మ్యాపు మంచి మొదలు. లోపలి బాటలు అందులో తక్కువ, వాటిని నడిచి గీయాల్సిందే.

ఇక్కడ రెండు విషయాల్లో జాగ్రత్త. పాత టోపో షీట్లను స్కాన్ చేసి వాడుతుంటే అవి ఎవరెస్ట్ డేటమ్‌లో (అక్షాంశ రేఖాంశాలను కొలిచే పాత ఆధారంలో) ఉంటాయి, ఫోన్ జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే ఆధారంలో ఇస్తుంది. సరిగ్గా మార్చకపోతే హద్దు పక్కకు జరిగి, ఒక బీటులో చేసిన పని పక్క బీటు ఖాతాలో పడుతుంది. రెండోది, విస్తీర్ణం, పొడవు లెక్కలకు చోటును మీటర్లలో చెప్పే యూటీఎం పద్ధతిలో 44 ఉత్తర జోన్ (సాఫ్ట్‌వేర్‌లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644) వాడండి. నల్లమల, శేషాచలం దీనిలోకే వస్తాయి. 78 డిగ్రీల రేఖాంశానికి పడమర ఉన్న వికారాబాద్ లాంటి చోట్ల 43వ జోన్ అవుతుంది.

ఊళ్ల పేర్లకు ఒకే జాబితా పెట్టుకోండి. బైర్లూటి అని ఒకరు, బైరులూటి అని ఇంకొకరు టైపు చేస్తే కంప్యూటర్‌కు అవి రెండు ఊళ్లు. అందుకే పేరు టైపు చేసే అవకాశమే ఇవ్వకుండా, జాబితాలోంచి ఎంచుకునేలా చేయండి.

పనుల పేర్ల మీద ఒప్పందం

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. సాఫ్ట్‌వేర్ ఒక వారంలో నేర్చుకోవచ్చు. "ఫైర్ లైన్ పూర్తయింది" అంటే ఏమిటో నలుగురి చేత ఒకే మాట అనిపించడానికి అంతకంటే ఎక్కువ ఓపిక కావాలి. అన్ని రేంజిలవాళ్లను, సమితుల ప్రతినిధులను కూర్చోబెట్టి పనుల జాబితా రాయండి. ప్రతి పనికీ మ్యాపులో ఆకారం ఏమిటి, కొలత ఏమిటి, ఏ దశకు వస్తే పూర్తయినట్టు, దాని ప్రభావం ఎన్నాళ్లుంటుంది అనే నాలుగూ తేల్చండి.

ఫైర్ లైన్‌నే తీసుకోండి. కొత్తగా తీసిన లైను వేరు, ఉన్న లైనును ఈ ఏడు మళ్లీ శుభ్రం చేయడం వేరు. రెండింటినీ "ఫైర్ లైన్ పని" అని ఒకే గాటన కడితే, ఉన్న కిలోమీటర్లే ఏటా కూడుతూ పోయి, పదేళ్లకు అడవంతా ఫైర్ లైన్లే ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. అందుకే లైను ఒక శాశ్వత వస్తువుగా ఒక్కసారే మ్యాపులో ఉండాలి. శుభ్రం చేసిన ప్రతిసారీ దానికింద ఒక కొత్త పని నమోదు కావాలి. గడ్డి, పొదలు కోసినంత మాత్రాన పూర్తయినట్టా, కోసింది ఊడ్చి కాల్చాక పూర్తయినట్టా? నా ఉద్దేశంలో రెండోదే, ఎందుకంటే కోసి లైనులోనే వదిలేసిన ఎండుగడ్డి మంటకు ఆటంకం కాదు, ఆహారం. పైగా మార్చిలో శుభ్రం చేసిన లైను మీద పక్క చెట్ల ఆకు మళ్లీ రాలుతుంది. కాబట్టి "చివరిసారి ఊడ్చిన తేదీ" అనే కాలమ్ తప్పనిసరి. జనవరిలో ఒకసారి శుభ్రం చేసి వదిలేసిన లైను ఏప్రిల్లో మ్యాపు మీద పూర్తయినట్టు ఆకుపచ్చగా కనిపిస్తే, దాన్ని నమ్ముకుని మంట ఆర్పడానికి వెళ్లినవాళ్ల ప్రాణాల మీదకు వస్తుంది.

రోడ్లకు ఇరువైపులా పొదలు కొట్టి తీసే వ్యూ లైన్లు, ముందస్తుగా అదుపులో కాల్చడం, లాంటానా అనే కలుపు పొద తొలగింపు, కుంట పూడిక తీయడం, వాచర్ల నియామకం ఇవన్నీ ఇలాగే ఒక్కొక్కటిగా తేల్చుకోవాలి. వ్యూ లైను పొడవుతో, అదుపులో కాల్చిన నేల హెక్టార్లలో, కుంట ఒక పాయింటుగా. ఊళ్లో పెట్టిన అవగాహన సమావేశాన్ని మాత్రం విస్తీర్ణంగా చూపించకండి. ఊరి పాయింటు మీద తేదీతో నమోదు చేస్తే చాలు.

శ్రీశైలం నడకదారి లాంటివి మీ జాబితాలో ప్రత్యేకంగా ఉండాలి. మహాశివరాత్రికి, ఉగాదికి వేలాది మంది వెంకటాపురం, నాగలూటి మీదుగా అడవిలోంచి నడిచి వెళ్తారు. దారిలో వంట చేసుకుంటారు. ఆ బాట పొడవునా ఊడ్చిన తేదీలు, నీటి చోట్లు, వంటకు కేటాయించిన స్థలాలు, వాచర్లు నిలబడే చోట్లు అన్నీ ఒక లేయరులో పెడితే, యాత్రకు ముందు రోజు ఒక్క చూపులో లోపం తెలుస్తుంది.

మూడు పట్టికలు చాలు

మొదటిది ప్రాజెక్టు పట్టిక: పథకం పేరు, నిధులు ఎక్కడివి, మంజూరైన సంవత్సరం, బాధ్యత ఎవరిది. రెండోది పని పట్టిక: ఏ ప్రాజెక్టు కింద, ఏ రకం పని, ఎక్కడ, ఏ దశలో ఉంది, మొదలైన తేదీ, పూర్తయిన తేదీ, కొలత. మ్యాపు మీది ఆకారం ఇక్కడే ఉంటుంది; ఫైర్ లైన్ లాంటి శాశ్వత వస్తువు మాత్రం అడుగు లేయర్లో ఒక్కసారే ఉండి, పని దానికి ముడిపడుతుంది. మూడోది తనిఖీ పట్టిక: ఎవరు ఏ తేదీన చూశారు, ఏం కనిపించింది, ఫొటో.

వీటిని విడదీయమనడానికి బలమైన కారణం ఉంది. ఒకే నేల మీద ఒకే ఏడు లాంటానా పీకి, తర్వాత గడ్డి కోసి, ఆపైన అదుపులో కాల్చారనుకోండి. నేల 20 హెక్టార్లే. పని మాత్రం 60 హెక్టార్లు. రెండు అంకెలూ నిజమే, రెండూ కావాలి, కానీ కలిపేస్తే అబద్ధమవుతుంది. కాలిఫోర్నియాకు ఈ చిక్కు పెద్ద ఎత్తున ఎదురైంది. అక్కడి రాష్ట్ర ప్రభుత్వం, అమెరికా ఫారెస్ట్ సర్వీస్ 2025 నాటికి ఏడాదికి 10 లక్షల ఎకరాల్లో మంటల ముప్పు తగ్గించే పనులు చేయాలని 2020లో ఒప్పందం చేసుకున్నాయి. రాష్ట్రానిది ఒక డేటాబేస్, కేంద్ర సంస్థలవి వేరే డేటాబేస్‌లు. వాటన్నిటినీ కలిపి 2023లో ఒక డ్యాష్‌బోర్డు తెచ్చినప్పుడు పని జరిగిన మొత్తం ఎకరాలు, పని తాకిన నేల ఎకరాలు అని రెండు లెక్కలు విడివిడిగా చూపించారు. మీది ఒక రేంజే అయినా మొదటిరోజు నుంచే ఈ రెండూ వేరుగా పెట్టండి.

ప్రతి పనికీ మారని నంబరు ఒకటి ఇవ్వండి: డివిజన్ సంక్షిప్తం, సంవత్సరం, వరుస సంఖ్య. పని రద్దయినా ఆ నంబరును ఇంకో పనికి ఇవ్వకండి. దశలు కూడా ఆరు చాలు: ప్రతిపాదన, మంజూరు, మొదలైంది, పూర్తయింది, తనిఖీ అయింది, రద్దు. ప్రతిపాదనలో ఉన్న పనిని పూర్తయిన పనితో కలిపి ఒకే రంగులో ఎప్పుడూ చూపించవద్దు.

సాఫ్ట్‌వేర్

డబ్బు పెట్టి కొనాల్సిన అవసరం లేదు. ఒక్కరే ఆఫీసులో నమోదు చేసేటట్టయితే క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్, లేయర్లన్నీ దాచుకునే ఒక జియోప్యాకేజ్ ఫైలు సరిపోతాయి. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మార్పులు చేయాలంటే పోస్ట్‌జీఐఎస్ అనే డేటాబేస్‌కు వెళ్లండి. జియోప్యాకేజ్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి ఇద్దరూ తెరిస్తే ఒకరి మార్పులు ఇంకొకరు తుడిచేస్తారు, ఒక్కోసారి ఫైలే పాడవుతుంది. అడవిలో ఫోన్లో నింపడానికి క్యూఫీల్డ్ లేదా కోబోటూల్‌బాక్స్ యాప్ వాడొచ్చు. రెండూ సిగ్నల్ లేకుండా పనిచేసి, నెట్ దొరికాక డేటా పంపుతాయి. ఫారం పేర్లన్నీ తెలుగులో పెట్టండి, కంప్యూటర్ లోపలి కోడ్‌లు ఏవైనా ఫర్వాలేదు.

అడవిలో కొలవడం

ఒక ఫైర్ లైన్ నమోదు ఇలా సాగాలి. బయల్దేరే ముందు ఆ బీటు మ్యాపును ఫోన్లోకి దించుకోవాలి. లైను మొదట్లో ఆగి, జీపీఎస్ తేడా పది మీటర్ల లోపుకి వచ్చేదాకా రెండు నిమిషాలు ఆగాలి. అప్పుడు ట్రాకింగ్ ఆన్ చేసి లైను మధ్యలో నడవాలి. ఫోన్‌ను జేబులో కాకుండా ఆకాశం కనిపించేలా పట్టుకోవాలి. వాగు అడ్డొచ్చినచోట, లైను తెగినచోట ఆగి ఒక పాయింటు, ఒక ఫొటో. చివర్లో వెనక్కి తిరిగి, వచ్చిన దారివైపు ఇంకో ఫొటో. వెడల్పును టేపుతో మూడు చోట్ల కొలిచి అన్నిటికంటే తక్కువ వచ్చింది రాయాలి, ఎందుకంటే మంట దాటేది ఇరుకైన చోటే.

లైనును పాలిగాన్‌గా, అంటే చుట్టూ అంచులున్న ఆకారంగా, గీయించకండి. మూడు మీటర్ల వెడల్పున్న లైనుకు పది మీటర్ల తేడా ఉన్న జీపీఎస్‌తో అంచులు గీస్తే వచ్చే విస్తీర్ణానికి అర్థం లేదు. మధ్యగీత, వెడల్పు రెండూ ఉంటే మిగతాది కంప్యూటర్ లెక్కేస్తుంది.

నమోదులో చెంచు యువకులను, సమితి సభ్యులను కూలీ ఇచ్చి భాగం చేయండి. ఏ వాగులో ఏ నెలదాకా నీళ్లుంటాయో, ఏ మలుపు దగ్గర ఏటా మంట పుడుతుందో ఆఫీసు మ్యాపులో దొరకదు. వాళ్లకు తెలుసు. ఉచితంగా అడిగి తీసుకోవడం న్యాయం కాదు.

వచ్చిన డేటాను సరిచూడండి

వారానికి ఒకసారి ఈ తనిఖీలు నడపండి. ఆకారం బీటు హద్దు దాటిందా? పూర్తయిన తేదీ మొదలైన తేదీకంటే ముందుందా? ఒకే రకం పని, ఒకే సీజన్, రెండు ఆకారాలు ఒకదానిమీద ఒకటి పడ్డాయా? పూర్తయిందన్న పనికి ఫొటో ఉందా? పోస్ట్‌జీఐఎస్‌లో ఒక్కోదానికి చిన్న క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) రాసిపెట్టుకుంటే బటన్ నొక్కినంత పని.

విస్తీర్ణం, పొడవు చేత్తో టైపు చేయించకండి. ఆకారం నుంచే లెక్కకట్టించండి. ఎం-బుక్‌లో (పనుల కొలతల పుస్తకంలో) రాసిన కొలతకు వేరే కాలమ్ పెట్టండి. రెండింటికీ తేడా వస్తుంది. కొండవాలు మీద టేపు పట్టి కొలిచిన పొడవు, మ్యాపు మీద చదునుగా వచ్చే పొడవు ఒకటి కావు. తేడా ఒక పరిమితి దాటితే ఆ పనిని మళ్లీ చూడాల్సిన జాబితాలో పెట్టండి, ఎవరినీ వెంటనే దోషిగా చూపకండి. మ్యాపు తమను పట్టుకోవడానికే వచ్చిందని కింది సిబ్బందికి అనిపించిన రోజు నుంచి మీకు నిజమైన డేటా రాదు. దిద్దే హక్కు కూడా ముందే తేల్చండి: ఎవరి పని వాళ్లే దిద్దాలి, మిగతావాళ్లు వ్యాఖ్య మాత్రమే రాయాలి, ప్రతి మార్పూ ఎవరు ఎప్పుడు చేశారో నమోదు కావాలి.

మంటల పాయింట్లతో కలపడం

ఉపగ్రహాలు పట్టిన మంటల పాయింట్లు నాసా ఫర్మ్స్ సైటులో ఉచితంగా దొరుకుతాయి. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా కూడా నమోదు చేసుకున్నవాళ్ల ఫోన్లకు హెచ్చరికలు పంపుతుంది. ఈ పాయింట్లను మీ మ్యాపులో వేసుకోండి, కానీ వాటిని చదవడం తెలియాలి. ఇవి రెండు రకాల ఉపగ్రహ పరికరాల నుంచి వస్తాయి: మోడిస్ పాయింటు సుమారు ఒక కిలోమీటరు గడికి గుర్తు, వీర్స్ పాయింటు 375 మీటర్ల గడికి గుర్తు. మంట ఆ గడిలో ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే పాయింటు చుట్టూ అర కిలోమీటరు వలయం గీసి, అందులో పడే ఫైర్ లైన్లను చూడాలి.

పాయింటు పడితే అది అడవి మంటే అనుకోకూడదు. అంచు పొలాల్లో కొయ్యకాళ్లు కాల్చినా పడుతుంది. మీరే అదుపులో కాల్చినా పడుతుంది. కాబట్టి ప్రతి పాయింటును ఆ రోజు నమోదైన అదుపు కాల్పుతో సరిపోల్చే క్వెరీ ఒకటి రాయండి. అలా సరిపోల్చకుండా జూన్‌లో లెక్క తీస్తే, బాగా పనిచేసిన బీటే ఎక్కువ మంటలొచ్చిన బీటుగా కనిపిస్తుంది. అటువైపు, ఉపగ్రహం వెళ్లాక పుట్టి మళ్లీ వచ్చేలోపు ఆరిపోయిన చిన్న ఆకుమంటలు అసలు పడవు. వాచర్ల రిజిస్టరు కూడా కలపాలనేది అందుకే.

కాలిన విస్తీర్ణానికి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు బాగా పనికొస్తాయి. ముందు చిత్రం, తర్వాతి చిత్రం తీసుకుని క్యూజీఐఎస్‌లో కాలిన మచ్చ గీయవచ్చు. ఆలస్యం చేయకండి. తొలకరి పడి గడ్డి మొలిస్తే మచ్చ కనిపించదు.

ఎవరికి ఏది కనిపించాలి

అందరికీ అన్నీ చూపించడం పారదర్శకత కాదు. పులుల కెమెరాలు పెట్టిన చోట్లు, శేషాచలంలో ఎర్రచందనం దట్టంగా ఉన్న చోట్లు, చెంచులు తేనె తీసే చోట్లు, వాళ్ల దేవతల స్థలాలు బయటి లేయర్లలోకి రాకూడదు. బయటివాళ్లకు బీటు స్థాయి మొత్తాలు చాలు, కచ్చితమైన ఆకారాలు భాగస్వాములకు మాత్రమే. "మంట పెట్టింది ఎవరు" అనే కాలమ్ ఈ డేటాబేస్‌లో వద్దే వద్దు. అనుమానంతో రాసిన ఒక పేరు చెరిగిపోకుండా ఏళ్లపాటు ఉండిపోతుంది. ఇప్పపువ్వు ఏరడానికో, తునికి చిగురు కోసమో, గడ్డి కోసమో, వంట పొయ్యి నుంచో అనే కారణం వరకు రాస్తే నివారణకు సరిపోతుంది. ఈ నియమాలన్నీ ఒకే పేజీ ఒప్పందంగా రాసి, అన్ని పక్షాల సంతకాలు తీసుకోండి.

ఏడాది పొడవునా నడపడం

నవంబరు, డిసెంబరుల్లో ప్రతిపాదనలన్నీ ఎక్కించండి. ఎక్కించిన వెంటనే డివిజన్లు కలిసే గట్ల వెంట ఖాళీలు చూడండి. నంద్యాల వైపు లైను శిఖరం దాకా వచ్చి గిద్దలూరు వైపు ఏమీ లేకపోతే, దాన్ని పూడ్చడానికి అప్పటికి ఇంకా సమయం ఉంటుంది. జనవరి ఆఖరుకు పూర్తి కాని పనుల జాబితా ప్రతి రేంజికీ పంపండి. ఫిబ్రవరి నుంచి మే దాకా మంటల పాయింట్లు, ఊడ్చిన తేదీలు రోజూ చేరాలి.

డేటా ఇచ్చినవాళ్లకు ఏదో ఒకటి తిరిగి వెళ్లాలి. ప్రతి బీటుకూ ఏ3 సైజులో మ్యాపు ముద్రించి, ప్లాస్టిక్ కవరు వేయించి బేస్ క్యాంపు గోడకు పెట్టండి. దాని మీద ఫైర్ లైన్లు, నీళ్లు, పక్క క్యాంపులకు నడక దూరం, పక్క డివిజన్ కంట్రోల్ రూమ్ నంబరు ఉండాలి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా గోడమీది మ్యాపు పనిచేస్తుంది.

జూన్‌లో అందరూ కూర్చుని మంట దాటిన లైన్లను, ఆగిన లైన్లను ఒక్కొక్కటిగా చూడండి. ఎక్కడ దాటిందో అక్కడ వెడల్పెంత, చివరగా ఊడ్చింది ఎప్పుడు, గాలి ఎటు, వాచరు ఎంత దూరంలో ఉన్నాడు అని రాసుకోండి. ఆ తర్వాత సీజన్ డేటాను తాళం వేసి, ఒక ప్రతిని జియోప్యాకేజ్‌గా, ఇంకో ప్రతిని సీఎస్‌వీగా (ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే సాదా పట్టికగా) తీసి రెండు వేర్వేరు ఆఫీసుల్లో దాచండి. ప్రతి ఫైర్ లైన్ కింద వచ్చే సీజన్‌కు "ప్రతిపాదన" దశలో కొత్త పని తెరిచి, మంట దాటిన చోట్లను జాబితాలో మొట్టమొదట పెట్టి, నవంబరు బడ్జెట్ ప్రతిపాదనలకు రేంజిలకు ఇవ్వండి.